కంప్యూటర్ ఆన్ చేయగానే ఎర్రర్ మెసేజా? తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో మన తెలుగువాళ్ల ఇళ్లలో కంప్యూటర్ మొరాయిస్తే ముందు ఆఫీసులో తెలిసిన అన్నకి ఫోన్ వెళ్తుంది, ఆయన దొరక్కపోతే సందు చివరి షాపుకి తీసుకెళ్తారు, అక్కడ చాలాసార్లు వినిపించే మాట "ఫార్మాట్ చేసేద్దాం సార్", అంటే డిస్క్ చెరిపేసి విండోస్ మళ్లీ వేద్దామని. ఆ మాటకి సరే అనకముందే ఇది చదవండి. స్క్రీన్ మీద వచ్చిన మెసేజ్‌ని పూర్తిగా చదివితే, ఫార్మాట్ అవసరం లేకుండానే చాలా సమస్యలు తీరిపోతాయి, పిల్లల ఫొటోలు, ఇంటి కాగితాల స్కాన్‌లు పోకుండా ఉంటాయి. ఇక్కడ రాసినవన్నీ ఇంట్లో వాడే విండోస్ కంప్యూటర్ల గురించే. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే మీరేమీ ముట్టుకోకండి, ఐటీ టీమ్‌కే చెప్పండి.

మెసేజ్ కనపడగానే మొట్టమొదట ఏం చేయాలి?

ఫోన్‌తో ఫొటో తీయండి. స్క్రీన్ మొత్తం రావాలి, కింద సన్నగా ఉండే కోడ్‌తో సహా, ఎందుకంటే చాలాసార్లు అసలు సంగతి ఆ సన్నక్షరాల్లోనే ఉంటుంది, రీస్టార్ట్ చేశాక అదే మెసేజ్ మళ్లీ వస్తుందన్న గ్యారంటీ లేదు. "నీలం రంగులో ఏదో వచ్చింది" అని చెబితే ఎంత తెలిసినవాళ్లైనా ఏమీ చెప్పలేరు. ఆ తర్వాత పెన్‌డ్రైవ్, ప్రింటర్, ఎక్స్‌టర్నల్ డిస్క్, మెమరీ కార్డు, ఏది తగిలించి ఉంటే అది తీసేసి, కీబోర్డూ మౌసూ మాత్రం ఉంచి మళ్లీ ఆన్ చేయండి. ఈ ఒక్క పనితోనే తేలిపోయేవి బోలెడు.

అప్పటికీ రాకపోతే ఈమధ్య ఏం మారిందో గుర్తు చేసుకోండి. అప్‌డేట్ పడిందా, వర్షానికి కరెంటు పోయి వచ్చిందా, కొత్త ర్యామ్ (కంప్యూటర్ పనిచేసేటప్పుడు వాడుకునే తాత్కాలిక మెమరీ) వేశారా, ఏదైనా సాఫ్ట్‌వేర్ తీసేశారా. ఇల్లు మారారా అని కూడా నేను అడుగుతాను, ఎందుకంటే ఇక్కడ అద్దె ఇళ్లు మారడం, సీపీయూ డబ్బాని సామాన్లతో పాటు టెంపోలో ఎక్కించడం మామూలే, ఆ కుదుపులకి లోపల ఒక కేబుల్ వదులైతే చాలు, కొత్తింట్లో ఆన్ చేయగానే "డిస్క్ లేదు" అంటుంది.

మాది ఏ రకం ఎర్రరో ఎలా తెలుస్తుంది?

ఆన్ బటన్ నొక్కిన దగ్గర్నుంచి డెస్క్‌టాప్ కనిపించేదాకా నాలుగు దశలుంటాయి. మొదట మదర్‌బోర్డులో (అన్ని భాగాలూ తగిలించే పెద్ద బోర్డు) ఉండే బయోస్ అనే ప్రోగ్రాము, కొత్తవాటిలో అయితే యూఈఎఫ్‌ఐ, ర్యామూ ప్రాసెసరూ గ్రాఫిక్సూ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుంటుంది, దీన్నే పవర్ ఆన్ సెల్ఫ్ టెస్ట్ అంటారు. తర్వాత డిస్క్ మీద విండోస్ బూట్ ఫైల్‌ని, అంటే విండోస్‌ని మొదలుపెట్టే ఫైలుని వెతుకుతుంది. దొరికాక విండోస్ తన డ్రైవర్లనీ (పరికరాల్ని నడిపే ప్రోగ్రాములు) సర్వీసులనీ లేపుకుంటుంది. చివరికి మీరు పాస్‌వర్డ్ కొట్టాక స్టార్టప్ ప్రోగ్రాములు ఒక్కొక్కటే తెరుచుకుంటాయి.

కంపెనీ లోగో దగ్గరే, లేదా అంతకంటే ముందే మెసేజ్ వచ్చిందంటే అది మదర్‌బోర్డు చెబుతున్న మాట, అప్పటికి విండోస్ ఇంకా రంగంలోకే దిగలేదు కాబట్టి ఫార్మాట్ చేసినా లాభం ఉండదు. లోగో పోయాక నల్ల స్క్రీన్ మీద తెల్లక్షరాల్లో "బూట్" అనో "ఆపరేటింగ్ సిస్టమ్" అనో ఉంటే రెండో దశ. చుక్కలు గుండ్రంగా తిరిగి తిరిగి నీలం స్క్రీన్ పడితే మూడోది, కొత్త విండోస్ 11లో ఇదే స్క్రీన్ నల్లగా వస్తోంది. డెస్క్‌టాప్ వచ్చేశాక చిన్న బాక్సులో కనపడేవి నాలుగో దశవి, ఇవి చూసి టెన్షన్ పడక్కర్లేదు, మీ ఫైళ్లు ఎక్కడికీ పోవు.

ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ మీద ఏమీ లేదు, బీప్ బీప్ అంటోంది.

గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉంటే మానిటర్ కేబుల్ దానికే పెట్టారా అని ముందు చూడండి, మదర్‌బోర్డు పోర్టుకి పెట్టి గంటలు గంటలు తల పట్టుకునేవాళ్లున్నారు. బీప్‌ల లెక్క ఒక్కో బయోస్ కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, మదర్‌బోర్డు మాన్యువల్‌లో చూసుకోవాలి. కొత్త బోర్డుల్లో చాలావాటికి బీప్ స్పీకరే ఉండదు, దాని బదులు కొన్నిటికి సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని రాసిన బుల్లి లైట్లుంటాయి (అంటే వరసగా ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్, బూట్ డిస్క్), ఏది వెలిగి అలాగే ఆగిపోతే తప్పు అక్కడ. ల్యాప్‌టాపుల్లో క్యాప్స్‌లాక్ లైటో బ్యాటరీ లైటో ఒక లెక్క ప్రకారం వెలిగి ఆరుతుంది, ఆ లెక్కనీ మోడల్ పేరునీ కలిపి కంపెనీ సైట్‌లో వెతకండి.

ఎక్కువసార్లు తప్పు ర్యామ్‌దే. స్విచ్ ఆపి, ప్లగ్ తీసేసి, ఆన్ బటన్‌ని కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన కరెంటు పోతుంది. పక్క డోరు తీసి, క్యాబినెట్ ఇనుముని ఒకసారి చేత్తో తాకండి, ఒంట్లో ఉన్న స్టాటిక్ దిగిపోతుంది. ర్యామ్ స్లాట్ చివర ఉన్న క్లిప్పుని బయటికి నొక్కితే కార్డు పైకి లేస్తుంది. దాని అంచున బంగారు రంగు గీతలు వరసగా ఉంటాయి, దుమ్ముకీ తేమకీ వాటి మీద మసక పొర కడుతుంది. పిల్లల పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దండి, పొట్టుని నోటితో ఊదకుండా పొడి బ్రష్‌తో దులపండి, కార్డులో ఉన్న గాటు స్లాట్‌లో ఉన్న గాటుకి కుదిరిందో లేదో చూసుకుని రెండు చివర్లా సమానంగా నొక్కండి. క్లిప్పు దానంతటదే టక్కుమని పడాలి, పడలేదంటే కార్డు కూర్చోలేదన్నమాట. రెండు కార్డులుంటే ఒక్కొక్కటే పెట్టి ఆన్ చేసి చూస్తే పాడైంది కార్డా స్లాటా అన్నది కూడా తెలిసిపోతుంది.

"నో బూటబుల్ డివైస్" అంటోంది. డేటా అంతా పోయినట్టేనా?

అప్పుడే ఆ మాట అనుకోవద్దు. బూట్ అవ్వడానికి పనికొచ్చే డిస్క్ నాకు కనపడలేదు అని మాత్రమే అది చెబుతోంది. "రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్", "ఆపరేటింగ్ సిస్టమ్ నాట్ ఫౌండ్" కూడా ఇంచుమించు ఇవే. పెన్‌డ్రైవ్‌లు తీసేసినా వస్తుంటే బయోస్‌లోకి వెళ్లండి, డెస్క్‌టాపుల్లో ఎక్కువగా డిలీట్ కీ, ల్యాప్‌టాపుల్లో ఎఫ్2, హెచ్‌పీలో ఎఫ్10. అక్కడ మీ డిస్క్ పేరు కనపడుతోందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

పేరు ఉంటే బూట్ ఆర్డర్‌లో "విండోస్ బూట్ మేనేజర్" మొదట ఉందో లేదో చూసి, లేకపోతే పైకి జరిపి సేవ్ చేయండి. పేరే లేకపోతే కేబుల్‌ని అనుమానించండి, డిస్క్‌ని మదర్‌బోర్డుకి కలిపే సాటా కేబుల్‌ని రెండు వైపులా తీసి పెట్టండి, ఇంకో పోర్టులో పెట్టండి, కేబుల్ మార్చి చూడండి, డిస్క్‌తో పోలిస్తే దాని ధర ఏపాటిది. ఎం.2 ఎస్‌ఎస్‌డీ (కేబుల్ లేకుండా బోర్డు మీదే బిగించే పలక లాంటి డిస్క్) అయితే స్క్రూ విప్పి మళ్లీ కూర్చోబెట్టండి. పాత హార్డ్ డిస్క్ లోపల్నుంచి టిక్ టిక్ మని శబ్దం వస్తుంటే మాత్రం వెంటనే ఆపేయండి, ఆన్ చేసిన కొద్దీ డేటా వెనక్కి వచ్చే అవకాశం తగ్గిపోతుంది.

డిస్క్ కనపడుతోంది, ఆర్డర్ సరిగ్గానే ఉంది, అయినా "బూట్‌ఎంజీఆర్ ఈజ్ మిస్సింగ్" అంటే బూట్ ఫైల్ చెడిందన్నమాట. వేరే కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ ఉచితంగా దించుకుని, కనీసం 8 జీబీ ఉన్న ఖాళీ పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. దాంతో బూట్ చేసి "ఇన్‌స్టాల్" నొక్కకుండా "రిపేర్ యువర్ కంప్యూటర్" (కొత్తవాటిలో "రిపేర్ మై పీసీ") ఎంచుకుని, ట్రబుల్‌షూట్‌లోంచి స్టార్టప్ రిపేర్‌కి వెళ్లండి. ఇది మీ ఫైళ్ల జోలికి రాదు.

"స్టార్ట్ పీఎక్స్‌ఈ ఓవర్ ఐపీవీ4" అని వస్తే ఇంటర్నెట్ ప్రాబ్లమా?

కాదు, రౌటర్‌ని తిట్టుకోవద్దు. డిస్క్ దొరక్క నెట్‌వర్క్ నుంచి బూట్ అవుదామని చూస్తోంది, అంతే. పై ప్రశ్నకి రాసిన జవాబే దీనికీ.

రోజూ "సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్, ప్రెస్ ఎఫ్1" అంటోంది, తేదీ కూడా వెనక్కి పోతోంది.

మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032 అని, 3 వోల్టులది, ప్లగ్ తీసేసినప్పుడు కూడా టైమునీ సెట్టింగుల్నీ (ఇవి దాచుకునే చోటే సీమాస్) కాపాడేది అదే. కొన్నేళ్లకి అయిపోతుంది. వాచీలు రిపేర్ చేసే షాపులో కూడా దొరుకుతుంది, ఖర్చూ పెద్దగా ఉండదు. రోజూ ఎఫ్1 నొక్కి నెట్టుకొచ్చేవాళ్లు చాలామంది ఉన్నారు కానీ, తేదీ తప్పితే బ్రౌజర్‌లో చాలా సైట్లు సరిగ్గా తెరుచుకోవు, "కనెక్షన్ ఈజ్ నాట్ ప్రైవేట్" అంటుంది, బ్యాంకు సైట్ దగ్గర అలా వస్తే వైరస్ అనుకుని హడలిపోతారు. బ్యాటరీ మార్చండి, ప్లస్ గుర్తు పైకి ఉండాలి.

అయితే బ్యాటరీ తీసేముందు చేయాల్సిన పని ఒకటుంది, షాపులో చాలామంది దీన్ని పట్టించుకోరు. బయోస్‌లో సాటా మోడ్ (డిస్క్‌తో ఎలా మాట్లాడాలో చెప్పే సెట్టింగ్) ఏహెచ్‌సీఐ అని ఉందా, రెయిడ్ అని ఉందా, సెక్యూర్ బూట్ (నమ్మకమైన బూట్ ఫైల్‌నే నడవనిచ్చే సెట్టింగ్) ఆన్‌లో ఉందా ఆఫ్‌లోనా అన్నవి ఫొటో తీసి పెట్టుకోండి. బ్యాటరీ తీశాక సెట్టింగులన్నీ డిఫాల్ట్‌కి వెళ్లిపోవచ్చు. సాటా మోడ్ మారిపోతే విండోస్‌కి తన డిస్క్ తనకే అందదు, "ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్" అని స్క్రీన్ పడుతుంది. అది చూసి డిస్క్ పోయింది అని కొత్తది అంటగట్టే షాపులున్నాయి. మోడ్ పాతదానికి మార్చితే చాలు, నిక్షేపంగా ఆన్ అవుతుంది.

బిట్‌లాకర్ రికవరీ కీ అడుగుతోంది, నేనెప్పుడూ పెట్టలేదే?

బిట్‌లాకర్ అంటే డిస్క్‌లో ఉన్నదాన్ని కీ లేనివాళ్లు చదవకుండా తాళం వేసే (ఎన్‌క్రిప్ట్ చేసే) విండోస్ ఏర్పాటు, మీరు పెట్టకపోయినా ఉండొచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన కొత్త ల్యాప్‌టాపుల్లో డిస్క్ ఎన్‌క్రిప్షన్ దానంతటదే ఆన్ అవుతోంది. బయోస్ అప్‌డేట్ అయినా, సెక్యూర్ బూట్ సెట్టింగ్ మారినా, మదర్‌బోర్డు మార్చినా, ఇది అదే యజమాని చేతిలో ఉందా అని అనుమానం వచ్చి కీ అడుగుతుంది. ఆ కీ 48 అంకెలది, ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులుగా ఉంటుంది. ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి లాగిన్ అయి డివైసెస్ కింద చూడండి, స్క్రీన్ మీద ఉన్న కీ ఐడీకి సరిపోయే వరస ఎంచుకుని కొట్టండి. ల్యాప్‌టాప్ కొన్న రోజు షాపు కుర్రాడే ఏదో ఒక మెయిల్ ఐడీతో సెటప్ చేసి ఇచ్చి ఉంటే కీ ఆ అకౌంట్‌లో ఉంటుంది, అందుకే కొత్త ల్యాప్‌టాప్‌ని మీ సొంత మెయిల్‌తో మీ చేత్తోనే సెటప్ చేసుకోమని అందరికీ చెబుతాను.

కీ దొరక్కపోతే ఆ డిస్క్‌లో ఉన్నది మీరే కాదు, మైక్రోసాఫ్ట్ కూడా తెరవలేదు. తెరిచిపెడతాం అని డబ్బులడిగేవాళ్లని నమ్మకండి. ఇవాళ కంప్యూటర్ బాగానే ఉన్నా సరే, ఇది చదవగానే ఆ కీ ఎక్కడుందో చూసి కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి.

ఏఎమ్‌డీ రైజెన్ ఉన్నవాళ్లకి ఇంకో మాట. బయోస్ మార్పు తర్వాత "ఎఫ్‌టీపీఎమ్" (బిట్‌లాకర్ తాళం లాంటివి దాచుకునే చోటు) గురించి చెప్పి వై నొక్కాలా ఎన్ నొక్కాలా అని అడిగితే, కీ చేతిలో లేనప్పుడు వై నొక్కకండి.

"ప్రిపేరింగ్ ఆటోమేటిక్ రిపేర్" దగ్గరే తిరుగుతోంది.

ఒక గంట వదిలేయండి, నిజంగానే రిపేర్ జరుగుతూ ఉండొచ్చు. అయినా అక్కడక్కడే ఉంటే పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టి ఆపి మళ్లీ ఆన్ చేయండి. విండోస్ ఇలా వరసగా రెండు మూడుసార్లు సగంలో ఆగితే దానంతటదే రికవరీ మెనూకి తీసుకెళ్తుంది. అక్కడ ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్. నేనైతే ఈ వరసలో వెళ్తాను: ముందు స్టార్టప్ రిపేర్, తర్వాత ఈమధ్య అప్‌డేట్ పడి ఉంటే అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్, తర్వాత సిస్టమ్ రిస్టోర్ (విండోస్‌ని పాత తేదీ స్థితికి తీసుకెళ్లేది), అదీ కాకపోతే స్టార్టప్ సెట్టింగ్స్‌లోంచి 4 అంకె నొక్కి సేఫ్ మోడ్, అంటే తప్పనిసరి డ్రైవర్లతో మాత్రమే విండోస్ తెరవడం. సేఫ్ మోడ్‌లో వచ్చిందంటే విండోస్ బాగానే ఉంది, ఏదో డ్రైవరో యాంటీవైరసో అడ్డుపడుతోంది, కొత్తగా వేసింది తీసేయండి. వచ్చిన వెంటనే ముఖ్యమైన ఫైళ్లు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసుకుని అప్పుడు మిగతా పనులు చూడండి.

అదే మెనూలో "రీసెట్ దిస్ పీసీ" కూడా ఉంటుంది, తొందరపడి అటు పోవద్దు. అందులో "కీప్ మై ఫైల్స్" ఎంచుకున్నా మీరు వేసుకున్న ప్రోగ్రాములు పోతాయి. "రిమూవ్ ఎవ్రీథింగ్" అంటే పేరులోనే ఉంది.

మన తప్పేమీ లేకుండా నీలం స్క్రీన్ వస్తుందా?

వస్తుంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక్క చెడ్డ అప్‌డేట్ ఫైలుతో ప్రపంచమంతా విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం దాదాపు 85 లక్షలు. మన ఎయిర్‌పోర్టుల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు, ఆఫీసు ల్యాప్‌టాపులు ఆన్ చేసి అలాగే కూర్చున్నవాళ్లు ఈ ఊళ్లో ఎందరో. అది కంపెనీల్లో వాడే సాఫ్ట్‌వేర్ కాబట్టి ఇంటి కంప్యూటర్లకి పెద్దగా తగల్లేదు. మందు ఏమిటంటే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆ ఒక్క ఫైలు తీసేయడమే, దానికి ఫార్మాట్ అవసరం లేదు. బిట్‌లాకర్ కీ దగ్గర లేనివాళ్లే ఎక్కువ ఇబ్బంది పడ్డారు.

"స్మార్ట్ స్టేటస్ బ్యాడ్, బ్యాకప్ అండ్ రీప్లేస్" అంటే?

ఈ మెసేజ్‌ని మాత్రం ఒక్క రోజు కూడా వాయిదా వేయకండి. నేను ఎక్కువ రోజులుండను అని డిస్క్ తనంతట తానే చెబుతోంది. ఎఫ్1 నొక్కితే విండోస్ వస్తుంది, మామూలుగానే నడుస్తున్నట్టు ఉంటుంది, దాంతో మర్చిపోతారు. డిస్క్ చెక్ లాంటివి నడపొద్దు, అవి చావుకి సిద్ధంగా ఉన్న డిస్క్‌ని ఇంకా అలసిపోయేలా చేస్తాయి. ముందు ఫొటోలూ డాక్యుమెంట్లూ, తర్వాత మిగతావి కాపీ చేసి డిస్క్ మార్చేయండి.

డెస్క్‌టాప్ వచ్చాక "స్పెసిఫైడ్ మాడ్యూల్ కుడ్ నాట్ బి ఫౌండ్" అని ప్రతిరోజూ బాక్స్ వస్తోంది.

ఏదో ప్రోగ్రాముని తీసేశారు, లేదా యాంటీవైరస్ ఒక వైరస్ ఫైలుని తీసేసింది, కానీ స్టార్టప్‌లో దాని పేరు అలాగే మిగిలిపోయింది. విండోస్ రోజూ పొద్దున్నే దాన్ని పిలుస్తోంది, అది లేదు. "విండోస్ స్క్రిప్ట్ హోస్ట్" పేరుతో వచ్చే బాక్సు కూడా ఎక్కువగా ఇలాంటిదే. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ చూడండి, అక్కడ లేకపోతే టాస్క్ షెడ్యూలర్‌లో. ఇంకా దొరక్కపోతే మైక్రోసాఫ్ట్ వాళ్లదే సిస్‌ఇంటర్నల్స్ ఆటోరన్స్ అనే ఉచిత టూల్ ఉంది, ఫైలు లేని ఎంట్రీలని పసుపు రంగులో చూపిస్తుంది. ఎర్రర్‌లో ఉన్న ఫైలు పేరు పట్టుకుని వెతికి, డిలీట్ చేయకుండా ముందు టిక్ మాత్రం తీసేయండి, రెండ్రోజులు చూసి అంతా బాగుంటే అప్పుడు తీసేయొచ్చు.

ఏదో డీఎల్ఎల్ లేదంటోంది, ఆ ఫైలు గూగుల్‌లో దొరికింది, దించుకోవచ్చా?

వద్దు. డీఎల్ఎల్ అంటే ప్రోగ్రాములు వాడుకునే సహాయక ఫైలు. డీఎల్ఎల్‌లు విడిగా ఇచ్చే సైట్ల నుంచి దేన్నీ తీసుకోకండి, ఆ ఫైలులో ఇంకేం కలిపారో ఎవరికీ తెలియదు. ఎమ్‌ఎస్‌వీసీపీ140, వీసీరన్‌టైమ్140 లాంటి పేర్లయితే మైక్రోసాఫ్ట్ సైట్‌లో విజువల్ సీ ప్లస్ ప్లస్ రీడిస్ట్రిబ్యూటబుల్ అని ఉంటుంది, 32 బిట్, 64 బిట్ రెండూ వేసుకోండి. వేరే పేరైతే ఆ ప్రోగ్రామునే తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి.

"సీపీయూ ఫ్యాన్ ఎర్రర్" వస్తే ఎఫ్1 నొక్కి వాడుకోవచ్చా?

వాడొద్దు. డోరు తీసి ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి, దుమ్ము దులపండి, దాని వైరు సీపీయూ ఫ్యాన్ అని రాసి ఉన్న పిన్నులకే పెట్టారో లేదో చూడండి.

ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే "ఏసీ అడాప్టర్ టైప్ కెనాట్ బి డిటర్మిన్డ్" అని వస్తోంది.

డెల్ ల్యాప్‌టాపుల్లో ఎక్కువగా చూస్తాం. ఛార్జర్ తన వాట్లెంతో ల్యాప్‌టాప్‌కి చెప్పుకోవాలి, డూప్లికేట్ ఛార్జర్ చెప్పలేదు, లేదా అసలు ఛార్జరే అయినా వైరు పిన్ను దగ్గర తెగి ఉంటుంది. బ్యాటరీ ఎక్కదు, ల్యాప్‌టాప్ నెమ్మదిస్తుంది. ఒరిజినల్ ఛార్జర్‌తో ఒకసారి చూడండి.

స్క్రీన్ నిండా హెచ్చరిక, కింద ఫోన్ నంబర్ ఉంది. చేయాలా?

చేయొద్దు. మైక్రోసాఫ్ట్ ఎర్రర్ మెసేజ్‌లలో ఎప్పుడూ ఫోన్ నంబర్ ఉండదు. అది బ్రౌజర్ పేజీ, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని మూసేయండి. ఇంట్లో పెద్దవాళ్లకి ఇది తప్పకుండా చెప్పండి, వాళ్లే ఎక్కువ మోసపోతున్నారు. ఇప్పటికే ఫోన్ చేసి స్క్రీన్ షేర్ ఇచ్చేసి డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకి కూడా.

విండోస్ 10 సపోర్ట్ అయిపోయిందన్న మెసేజ్ వస్తోంది, కంప్యూటర్ ఆగిపోతుందా?

ఆగదు. 2025 అక్టోబర్ 14తో మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. బ్యాంకు పనులు చేసే కంప్యూటర్ అయితే ఊరికే వదిలేయకండి, కుదిరితే 11కి మారండి.

కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక ఎర్రర్ వస్తోంది.

ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఇక్కడ ఉరుములతో వాన మొదలైతే కరెంటు ఎన్నిసార్లు పోయి వస్తుందో తెలిసిందే. అప్‌డేట్ మధ్యలో పోతే బూట్ ఫైళ్లు చెడతాయి. డెస్క్‌టాప్‌కి చిన్న యూపీఎస్ తప్పనిసరి, బ్యాటరీ పాడైందేమో అప్పుడప్పుడు చూసుకోండి. పిడుగులు పడుతుంటే ప్లగ్ తీసేయండి, రౌటర్‌ది కూడా. ఆన్ అయ్యాక కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ఎస్‌ఎఫ్‌సీ అని కొట్టి, ఒక స్పేస్ ఇచ్చి, స్లాష్ స్కాన్‌నౌ అని (sfc /scannow) కొడితే చెడిన సిస్టమ్ ఫైళ్లని వెతికి సరిచేస్తుంది.

ఎస్‌పీ రోడ్డుకి తీసుకెళ్తే ఏం జాగ్రత్తలు?

ఎస్‌పీ రోడ్డంటే బెంగళూరులో కంప్యూటర్ పార్టుల షాపులుండే సదర్ పత్రప్ప రోడ్డు, చిక్కపేట మెట్రోకి దగ్గరే. కేబుల్, బ్యాటరీ, ర్యామ్, ఫ్యాన్, అన్నీ దొరుకుతాయి, తెలుగులో మాట్లాడే షాపులవాళ్లూ తగులుతారు. ఎర్రర్ ఫొటో చూపించండి, ఇప్పటిదాకా మీరేం చేసి చూశారో చెప్పండి. లోపల ఉన్న డిస్క్, ర్యామ్‌ల సీరియల్ నంబర్లు ఫొటో తీసుకుని ఇవ్వండి, మార్చిన పాత పార్టు వెనక్కి ఇమ్మనండి. "నన్ను అడక్కుండా ఫార్మాట్ చేయొద్దన్నా" అని చెప్పి, అదే మాట రసీదు మీద రాయించుకోండి. డేటా ఒక్కటే ముఖ్యమైతే డిస్క్ మాత్రం విప్పి, సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్ కొనుక్కుంటే ఇంట్లోనే ఇంకో కంప్యూటర్‌కి పెట్టి కాపీ చేసుకోవచ్చు.

నేను బెంగళూరులో, కంప్యూటర్ ఊళ్లో నాన్న దగ్గర. ఫోన్‌లో ఎలా చెప్పాలి?

"నాన్నా, ఏం రాసుందో చదువు" అంటే ఇంగ్లీషు మెసేజ్ సగం చదివి ఇద్దరూ విసుక్కుంటారు. వాట్సాప్ వీడియో కాల్ చేసి వెనక కెమెరా పెట్టమనండి, ట్యూబ్‌లైట్ వెలుగు స్క్రీన్ మీద పడకుండా లైటు ఆపించండి, ఫోన్‌ని ఏ డబ్బాకో ఆనించి నిలబెడితే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఒక్కసారి ఒక్క పనే చెప్పండి, అది అయ్యాక స్క్రీన్ చూసి తర్వాతది. ఎఫ్2 లాంటి కీ కొట్టాల్సినప్పుడు ఆన్ చేసిన క్షణం నుంచీ వేలితో వరసగా తడుతూనే ఉండమనండి, లోగో వచ్చాక నొక్కుదాం అనుకుంటే ఆలస్యమైపోతుంది. డోరు తీసే పని మాత్రం ఫోన్‌లో చేయించకండి, ప్లగ్ తీశారో లేదో మీకు కనపడదు.